ఇసకరోలు

యూనివర్సిటీ నుంచి మొన్న ఒక పిల్ల వచ్చింది,
పేరు హిమజ, చేతిలో రికార్డరు.
తిట్లు ఏరుకుంటోందట,
జాలారిపేట ఒడ్డున పిల్లలు గవ్వలేరినట్టు.
"ఇసకరోలు అంటే ఏంటి తాతగారూ?" అని అడిగి
నేను నోరు తెరవకముందే తనే చెప్పేసింది:
ఇసకతో చేసిన రోలు.
రెండు పోట్లకే కూలిపోతుంది,
నమ్మినవాడికి పిండీ దక్కదు, రోలూ దక్కదు.
తృతీయా తత్పురుష అని పక్కన రాసుకుంది.
బాగుంది తల్లీ, అన్నాను.
బాగానే ఉంది మరి. అబద్ధమే గానీ
నిజం కంటే గట్టిగా నిలబడింది.

ఆ మాట ఓడ మీద వచ్చింది.

సమ్మె పదకొండో రోజు.
ఖనిజం గుట్టలు ఎర్రగా ఎండుతున్నాయి,
క్రేన్లు మెడలు వంచుకుని ఉన్నాయి,
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఒక్కటే డ్యూటీ చేస్తోంది.
లంగరేసిన ఓడలోంచి ఇనాసియో అనే స్పెయినువాడు దిగి
గేటు ఎదురుగా నూకాలు టీ బడ్డీలో
మా బల్ల మీదే కూర్చునేవాడు.
ఆ పొద్దున పక్క గేటులోంచి నలుగురు
తలలు దించుకుని లోపలికి పోతుంటే
గ్లాసు కింద పెట్టి, ఉమ్మినట్టు అన్నాడు:
"ఎస్కిరోల్."

ఏటది? అన్నాడు వరహాలు.
వచ్చీరాని ఇంగ్లీషు వాడికి సగం, మాకు సగం.
రెండు చేతులూ మూతి దగ్గర పెట్టి కొరికి చూపించాడు,
లేచి వెనక తోక ఊపాడు.
ఉడత! నవ్వలేక చచ్చాం.
సమ్మె విరిచినోడు ఉడతేట్రా?
మా ఉడత వారధి కట్టింది కదరా!

కాదు కాదన్నాడు. స్పానిషులో ఉడతకి వేరే పేరుందట.
ఇది పక్కవాళ్ళది, కతలాన్ల మాట,
ఆ కొండల్లో ఆ పేరుతోనే ఒక ఊరట.
కింద మిల్లులో మగ్గాలు ఆగినప్పుడు
ఆ ఊరి జనం ఆకలితో దిగొచ్చి
మగ్గాలు తిప్పారట. వాళ్ళ తాత అలా చెప్పేవాడట.
ఊరి పేరు తిట్టయి కూర్చుంది.
మరి ఆ ఊళ్ళో పుట్టినవాడిని
నీదే ఊరంటే ఏమంటాడు?
మేం అడగలేదు.
మాకప్పుడు తిట్టు కావాలి, దాని పుట్టుక కాదు.

మధ్యాహ్నానికి ఎస్కిరోలు.
చీకటిపడేసరికి ఇస్కిరోలు.
జ్ఞానాపురం దాటేసరికి ఇసకరోలు.
ఆ తర్వాత అది మా చేతుల్లో లేదు.
పార్టీ మారిన కార్పొరేటరు ఇసకరోలు.
సంతకం పెట్టి మర్నాడు పెట్టలేదన్నవాడు,
చందా రాసి ఇవ్వనివాడు,
ఆఖరికి క్యాచ్ వదిలేసిన కంచరపాలెం కుర్రోడు కూడా.
ఈమధ్య ఒక ధర్నాలో, మైకులో,
నా మనవడి వయసువాడు మంత్రిని పట్టుకుని అరిచాడు.
చప్పట్లు కొట్టారు.
ఓడ సంగతి వాడికెందుకు?

హిమజ రికార్డరు ఆపింది, టీ తాగింది, వెళ్ళిపోయింది.

చెప్పనిది ఇది.

ఆ నలుగురిలో బొడ్డేటి సన్యాసి ఒకడు.
కూతురు కేజీహెచ్‌లో, ఎక్కుతున్నది రెండో రక్తం సీసా.
యూనియన్‌కి గోడలు రాసేది నేనే,
కోటవీధి మొత్తంలో అంత చక్కటి చెయ్యి ఇంకోటి లేదు.
ఆ రాత్రి వాడి తలుపు మీద
అక్షరాలెందుకులే అని
మూడు గీతలు గీశాను, పైనుంచి కిందికి, ఎర్రగా,
ఉడతని అందరికీ తెలిసేట్టు.
దేవుడు మూడు వేళ్ళతో నిమిరాడంటారు,
పని చేసినందుకే.
నేనూ పని చేసినందుకే గీశాను.

తలుపు తెరుచుకుంది.
సన్యాసి లాంతరు ఎత్తి గీతల్ని చూశాడు,
బ్రష్షు చూశాడు, నన్ను చూడలేదు.
వేలికి అద్దుకుని వాసన చూశాడు.
"రెడాక్సైడు. మన షెడ్డులోదే.
వానకి పోదు బావూ" అన్నాడు.

ఆ యేడు రెండు తుపాన్లొచ్చాయి.