రాయి వయసు

గేటు దగ్గర రిజిస్టర్‌లో రెండే గడులు:
విద్యార్థి, సిబ్బంది.
"మీరేంది మేడం?" అన్నాడు గార్డు.
ఆరేళ్ళుగా ఇదే గేటు, ఇదే ప్రశ్న.
రెండు గడుల నడుమ గీత మీద
పేరు రాసి లోపలికొచ్చాను.

ఈరోజు మా రోజట.
పోస్ట్‌డాక్టోరల్ పరిశోధకుల పండుగ అని
ఆడిటోరియం నెత్తిన ఫ్లెక్సీ.
'ధ'కి వత్తు పడలేదు,
ఈ పూటకి పరిశోదకులం.
ముఖ్య అతిథి ఐకియా సర్కిల్లో ఇరుక్కున్నారు.
గంటన్నర సేపు కుందిలో నూనె
మాతోబాటే ఎదురుచూసింది.

నా పోస్టర్ నంబరు నలభైమూడు,
మంచినీళ్ళ కూలర్ పక్కన.
వచ్చినవాళ్ళు గ్లాసు నిండేలోగా
చూసి పోతారు.
ఇరవైయెనిమిది సెకన్లు. లెక్కపెట్టాను.

ఎడమపక్క తస్నీమ్.
మూసీ నురుగులో ఏ మందుకీ చావని సూక్ష్మజీవులు ఆమెవి.
నాగోలు వంతెన కింద సీసాలు నింపుతుంటే
చెప్పులు రెండూ కొట్టుకుపోయాయి,
అది 'పద్ధతులు' కింద రాయలేదని నవ్వుతుంది.
కుడిపక్క ఓంకారం,
నలభైరెండేళ్ళు, నాలుగో ఫెలోషిప్.
ఆముదం చేలో పచ్చపురుగు
ఏ వాసనకి దారి తప్పుతుందో కనిపెట్టాడు.
తన దారి సంగతి అడిగితే
సమోసా ప్లేటు ఇటు జరుపుతాడు.

నాది రాయి.
ఈ ఊరి అడుగున ఉన్న రాయి.
వెంట్రుకలో సగం మందానికి సానబట్టి
సూక్ష్మదర్శిని కింద తిప్పితే
బండ లోపల ఎవరో నేసిపెట్టిన
నలుపూ తెలుపూ గళ్ళ తువ్వాలు,
దాని కొసన తేనెరంగుకి తిరిగే అభ్రకం.
ఇంకా లోపల, ఇసుకరేణువుకన్నా చిన్న జిర్కాన్ పలుకు.
అందులో యురేనియం
ఒక్కో అణువే సీసమైపోతూ
ఎవరూ అడగని రిజిస్టర్ రాసుకుంది.
చదివాను:
రెండువందల యాభై కోట్ల ఏళ్ళు,
అటూ ఇటూ అరవై లక్షలు.

నా కాంట్రాక్టు పదకొండు నెలలు.
అటూ ఇటూ ఏమీ లేదు.

పదిహేడు చోట్ల నమూనాలు తెచ్చాను.
మ్యాపు మీద పదిహేడు ఎర్ర చుక్కలు,
తొమ్మిదింటి మీద ఇప్పుడు అపార్ట్‌మెంట్లు.
కోకాపేట చుక్క మీద
ముప్పైనాలుగో శ్లాబు పోస్తున్నారు.
"మళ్ళీ అక్కడికి వెళ్ళి సరిచూశారా?"
అడిగారు ఒక పెద్ద ప్రొఫెసర్.
లిఫ్ట్ పెట్టాక చూస్తానన్నాను.
ఆయన నవ్వలేదు.
"నెక్స్ట్ ఏంటి?" అన్నారు.
దానికి ఈ వరండాలో అందరిదీ ఒకటే జవాబు:
"అప్లై చేశాను సార్."

నీళ్ళ డబ్బా మార్చడానికి వచ్చిన ఐలేషు
భుజం మీద బరువుతోనే నిలబడి
పైనుంచి కింది దాకా చదివాడు.
"వయసు రాసిండ్రు మేడం.
సావెప్పుడో రాయలే?"
"రాయికి చావేంటి?"
"నల్లగండ్లల మా రూం ఎనక పెద్ద గుండున్నది.
బేస్తారం పన్నెండున్నరకి పేలుస్తరంట,
కిటికీలు మూస్కోమని కాయితమిచ్చిండ్రు."
డబ్బా బోర్లించాడు.
కూలర్ గొంతులో బుడగలు గుడగుడమన్నాయి.
నా మ్యాపులో అక్కడ చుక్క లేదు.

మైకులో నా పేరు పిలిచినప్పుడు
నేను ఐలేషు బండి వెనక ఉన్నాను,
సిల్కు చీర, ఒళ్ళో సుత్తి.

గుండుకి అప్పటికే పదకొండు బెజ్జాలు పెట్టారు,
ఒక్కోదాని చుట్టూ ఎర్ర పెయింటు సున్నా.
నీడలో కుక్క ఒకటి పడుకొని ఉంది, లేవలేదు.
మూడో దెబ్బకి ఖంగుమని
పిడికెడు ముక్క ఊడింది.
కొత్తగా తెగిన ముఖం
గులాబీరంగులో, తడిగా ఉన్నట్టు.
రెండువందల యాభై కోట్ల ఏళ్ళలో
దానికిదే మొదటి ఎండ.

రాయదుర్గం మెట్రోలో ఎక్స్‌రే బెల్టు ఆగింది.
"బ్యాగులో ఏముంది?"
"రాయి."
"ఎందుకు?"
వెనక క్యూ పెరుగుతోంది.
"ఈ ఊరిదే," అన్నాను.
అతను దాన్ని అరచేతిలోకి తీసుకొని
బరువు చూశాడు.
వెంటనే తిరిగి ఇవ్వలేదు.