వీపు తిప్పి

ఫిబ్రవరి. కుందేళ్ల వేట ముగిసింది.
బదహోజ్ దారి పక్క కాలువలో
ఒక గాల్గో వేటకుక్క,
మెడ మీద కత్తిగాటు.
యజమాని పేరున్న చిప్‌ను
పుచ్చకాయ గింజలా పెకలించి పట్టుకుపోయారు.

ఎవులాలియా వ్యానాపి
దానికి వీపు తిప్పి కూర్చుంది.
చూస్తే పారిపోతుంది.
గొంతు అలవాటు కావాలని
జేబులో దొరికిన కొట్టు చీటీ పైకి చదువుతోంది:
ఉల్లిపాయలు కిలో, సబ్బు, అగ్గిపెట్టెలు రెండు.
మళ్లీ మొదట్నుంచి.

పొద్దు గుంకింది. మోకాళ్లు మొద్దుబారాయి.
మూడోసారికో ముప్పయ్యోసారికో
మోచేతికి తడిగా ఏదో తగిలింది.
తిరగలేదు.
"సబ్బు" అంది, గొంతు పూడుకుపోయి.

మర్నాడు రొట్టెల కొట్లో
ఫెర్మిన్ వరసలో తన చోటు ఆమెకిచ్చాడు.
మర్యాదస్తుడు.
"కొత్త కూనని తెచ్చాను, ఒట్టి మెరుపనుకో.
పేరు నువ్వే పెట్టాలి."