చివరిసారి కలిసి ఉన్న స్థలం

నారాయణపేట కోర్టు ఎదురుంగ, జిరాక్సు షాపుకానుకొని
నా కంప్యూటరు, నా కుర్చీ, తిరిగితే మొత్తుకునే ఫ్యాను.
పద్నాలుగేండ్ల సంది వకీళ్లు చెప్పింది టైపు కొడుతున్న.
వకీలును కాదు నేను. అయినా అడుగుతరు.
మెట్ల మీద సారు దొరకడు,
నేను దొరుకుత.

"యాభై రూపాల బాండు మీద ఇద్దరం రాసుకున్నం,
కులపెద్దలు ఏలిముద్రలేసిండ్రు. అది చాలదా అన్నా?"
చాలదమ్మా.
"లగ్గం పత్రిక వానకు నానింది,
ఫోటోల నేను కండ్లు మూసుకున్న."
మూసుకున్నా నడుస్తది.
"ఆయన కోర్టుకు రాకపోతే?"
నోటీసు పోతది. తీసుకోకుంటే పేపర్ల వేస్తరు.
"ఆయనకు సదువు రాదు."
సదివినట్టే లెక్క.

ఈ ఆఖరి మాట చెప్పినప్పుడల్లా
నాకే ఎందుకో సిగ్గనిపిస్తది.

మొన్న మంగళారం ఇద్దరొచ్చిండ్రు, ఒక్క ఆటోల.
మాగనూరు దిక్కు ఊరు. కుర్మయ్య, మన్నెమ్మ.
చెరో ఊరి నుంచి వచ్చి మక్తల్ల కలుసుకున్నరట,
కిరాయి సగం సగం.

పేర్లు కొట్టిన. వయసులు కొట్టిన.
లగ్గం తారీఖు ఆయన మర్చిపోయిండు,
కురుమూర్తి జాతర పోయిన తొమ్మిదో నాడు
అన్నదామె.
పిల్లలు?
ఇద్దరు ఒక్కసారే "లేరు" అన్నరు.
కొట్టిన.
తర్వాతి గడి:
దంపతులు చివరిసారి కలిసి నివసించిన స్థలం.

"పుణెల" అన్నది మన్నెమ్మ.
ఇంటి నంబరు చెప్పు.
"ఇల్లు కాదు. కడుతున్న బిల్డింగు, నాలుగో అంతస్తు.
గోడలు లేవక ముందు.
సిమెంటు సంచులు కుట్టి పరద కట్టినం.
వాన ఏ దిక్కు నుంచి కొడితే
ఆ దిక్కు నేను ఒరిగి పండేది.
ఇప్పుడు గోడలైనయట, లిఫ్టు పెట్టిండ్రట.
మేం పండిన జాగల ఎవరిదో టీవీ ఉంటది."

కుర్మయ్య తల అడ్డంగ ఊపిండు.
"అది కాదు. ఆడ మేస్త్రి లేపితే లేసినం,
పండుమంటే పండినం. దాన్ని ఉండుడు అంటరా?
క్రిష్ణ స్టేషను రాయి అన్నా.
తిరిగొచ్చిన రాత్రి. ఊరికి బండి లేదు.
సిమెంటు బల్ల, ఒక్క దుప్పటి, బిడ్డకు జరం.
తెల్లారేదాంక మారి మారి ఎత్తుకున్నం.
పొద్దుగాల నువ్వు తల్లిగారి ఊరి బస్సెక్కితివి."

ఫ్యాను మొత్తుకుంటనే ఉన్నది.
నేను పైకి జరిగి చూసిన,
"లేరు" అని కొట్టిన గడి.
ఆమె కొంగు కొస ఏలికి చుట్టుకుంటున్నది,
ఇప్పుతున్నది, చుట్టుకుంటున్నది.

సారొచ్చి నిలబడే సదివిండు.
"ఆమె ఇప్పుడున్న ఊరు చాలు కేసుకు.
గడి ఖాళీ ఉండొద్దు. స్టేషను రాస్తే జడ్జి నవ్వుతడు.
పుణె కొట్టు."
కొట్టిన. డోరు నంబరు కాడ ఒక గీత.

"ఇప్పుడేస్తే ఆరు నెలలాగి
మళ్ల రమ్మంటరట" అన్నడు కుర్మయ్య.
"ఆ ఆరు నెలలు మేం ఏమైతం?"
దీనికి జవాబున్నది, నాకు నోటికొచ్చు.
నోట్లకెళ్లి రాలేదు.
ఆగాలె, అంతే, అన్న.

"నడుమ ఒకరు రాకుంటే?" మన్నెమ్మ.
కొట్టేస్తరు.
"దేన్ని?"
కేసును.
ఆమె కాసేపు నన్నే చూసింది.

ఆయన సంతకం. ఆమె ఏలిముద్ర.
సిరా తుడుసుకోను ఏం దొరక్క చుట్టూ చూస్తే
ఆయన తువ్వాల కొస ముందట పెట్టిండు,
మొఖం అటు తిప్పుకొని.

నూట తొంభై అయింది.
చెరి వంద ఇచ్చిండ్రు.
మిగిలిన పది రూపాల నోటు
ఎవరి చేతుల పెట్టాల్నో తెల్వక బల్ల మీద పెట్టిన.
నీదే అన్నట్టు ఆమె ఆయనను చూసింది,
ఆయన ఆమెను.
ఆటో హారను కొట్టింది.

ఇంకా ఈడనే ఉన్నది,
స్టాప్లరు కింద.