ఆమె మోచేతి ఎత్తు

ఊళ్ళో వడ్రంగి లేడు.
ఉన్న ఒక్కడు, ఫ్యోర్డుకి అవతలి ఒడ్డున ఆర్న్‌గ్రీమూర్,
ఫోనులో ధర చెప్పాడు.
స్టైన్‌వోర్ చాలాసేపు నవ్వింది.
ఆ డబ్బుకి చిన్న పడవ వస్తుందట, ఇంజనుతో సహా.

అలా మొదలైంది.
ఏప్రిల్ నెల, హోల్మవీక్‌లో ఇంకా మంచు.
వంటింట్లో పన్నెండు ప్లైవుడ్ పలకలు
గోడకి చేరగిలి నిలబడ్డాయి
పిలవని పేరంటాళ్ళలా.

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడ చెవుల సంగతి తెలీదు గానీ
నడుము మాత్రం లేదు.
రసమట్టం పెడితే బుడగ
మధ్యలో ఒక్క క్షణం ఆగి
ఏదో గుర్తొచ్చినట్టు కిటికీ వైపు జారిపోయింది.
పైన ఒక కొలత, కింద ఒక కొలత.
తేడా రెండు వేళ్ళు.
కట్టినవాడు తాగి కట్టాడన్నాను.
కాదు, గాలి కట్టించుకుంది అంది తను.

మొదటి అలమరకి మూడు రోజులు.
రెండో రోజు తెలిసింది, పలక మందం కొలతలో కలపలేదని.
మూడో రోజు తలుపు బిగించాను, తలకిందులుగా.
తెరుచుకుంది, నా నుదుటి మీదికే.
బందులు విప్పి, మళ్ళీ బిగించి
పాత రంధ్రాల్లో అగ్గిపుల్లలూ జిగురూ కూరాను.
ఇప్పటికీ తడిమితే వేలికి తగులుతాయి.

అరల అంచులకు పట్టీలు కావాలంది,
బొటనవేలంత ఎత్తు, గిన్నెలు జారకుండా.
"ఇల్లు ఊగదు కదా" అన్నాను.
ఇరవై రెండేళ్ళు చేపల ఓడలో వంట చేసిన మనిషి
నా వంక చూసింది
ఈత రానివాణ్ణి చూసినట్టు.

పట్టీల కోసం ఒడ్డుకి పోయి దుంగ ఒకటి ఈడ్చుకొచ్చాం.
మా తీరంలో చెట్లు మొలవవు, కొట్టుకొస్తాయి.
ఏ సైబీరియా నదిలోనో జారిపడి
మంచుగడ్డల మధ్య ఏళ్ళు గడిపి
బెరడూ పేరూ పోగొట్టుకున్న కర్ర.
ఉప్పు తాగి బిగిసింది.
రెండు రంపాలు మొద్దుబారాయి.
చిత్రిక పడితే మాత్రం
లోపల తేనెరంగు, బంక వాసన,
సముద్రం ఊసే ఎరగనట్టు.

అసలు గొడవ వంటగట్టు ఎత్తు దగ్గర.
పుస్తకంలో తొంభై సెంటీమీటర్లని ఉంది.
నేనూ తొంభై అన్నాను.
తను టేపు పక్కన పడేసి
గోడకి ఆనుకుని నిలబడి మోచెయ్యి మడిచింది.
"దీనికింద నాలుగు వేళ్ళు. అక్కడ గియ్యి."
ఎనభై ఒకటి.
"గిన్నెలు తోమాలంటే నేను వంగాలిగా!"

అప్పుడు చెప్పింది.
ఓడ వంటగదిని ఎవడో పొడుగాటివాడు కొలిచాడట.
ఇరవై రెండేళ్ళు చేపలపెట్టె బోర్లించి
దానిమీద నిలబడి ఉల్లిపాయలు తరిగిందట.
అల వచ్చినప్పుడల్లా పెట్టె జరిగేది.
మోకాలు పోయింది అందుకు. చలికి కాదు.
ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ
చలికనే చెప్పాను నేను.

పెన్సిల్ తీసుకుని
ఆమె చూపించిన చోట గీత గీశాను.

జూన్‌కి పూర్తయింది, పూర్తయిందనే అనుకోవాలి.
ఒక సొరుగు సగంలో ఆగుతుంది,
కాస్త పైకెత్తి లాగాలి.
ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు.

రాత్రి గిన్నెల వంతు నాది.
వంగి తోముతుంటే నడుము గోల పెడుతుంది.
వంగినప్పుడు కిటికీలో రేవు వేరేగా ఉంటుంది.
నీళ్ళు గట్టు వెనక్కి పోతాయి,
ఓడల కొయ్యల కొసలు మాత్రం
ఆకాశంలో అటూ ఇటూ ఊగుతుంటాయి.
తను ఎప్పుడూ చూసేది ఇదన్నమాట.

నా వెనక కప్పులు సర్దుతోంది.
అరలో పెట్టిన ప్రతి కప్పూ
కిటికీ వైపు కొద్దిగా జారి
పట్టీకి టక్కుమని తగిలి ఆగుతుంది.
నేను వెనక్కి తిరిగి చూడను.
ఆమె ఏమీ అనదు.