సగం రుసుము

మా భాషలో ఒక చిక్కుంది.
బడిలో లెక్కలు చెప్పే ఆయన సెన్సే.
పన్ను పీకే ఆయనా సెన్సే.
కొండమీద తెల్లబట్టల్లో కూర్చుని
ఎవరు ఎవర్ని పెళ్లాడాలో, ఏ రాత్రి ఎన్ని గంటలు పడుకోవాలో
చీటీల మీద రాసి పంపినాయన కూడా సెన్సేయే.
అక్కణ్ణుంచి బయటపడ్డవాళ్లు నా గది ముందు బూట్లు విప్పి
నడుం వంచి, నన్నూ అదే మాటతో పిలుస్తారు.

మినెగిషి అనండి చాలు, అంటాను.
అలాగే సెన్సే, అంటారు.

ఒతారులో, రేవుకు దిగే వాలువీధిలో
గడియారాలు బాగుచేసే దుకాణం పైన
ఇరవై ఆరు చలికాలాలు.
కిరసనాయిలు పొయ్యి, రెండు కుర్చీలు.
గోడకి పడవల పటం ఒకటి ఉండేది,
కువబారా గారు దానికి దణ్ణం పెట్టుకోవడం చూసి తీసేశాను.
మేకు మాత్రం ఊడిరాలేదు.
కొందరు మేకు వైపే చూస్తూ మాట్లాడతారు.

తలుపు ఓరగా ఉంచుతాను.
మూసిన తలుపుల వెనకే కదా వాళ్లకి జరిగిందంతా.
మంచుగాలి లోపలికి కొట్టి కాళ్లు కొంకర్లుపోతాయి,
పోనీ.

భయం గురించి, విధేయత గురించి,
నిద్రలేని బుర్ర దేన్నయినా ఎలా నమ్మేస్తుందో
చదివిన పుస్తకాలు చెప్పాయి.
బయటికొచ్చిన పిల్ల
పానీయాల యంత్రం ముందు నలభై నిమిషాలు
నాణెం పట్టుకుని నిలబడిపోతుందని చెప్పలేదు.

ఇబుకి. పంతొమ్మిదేళ్లు. పుట్టిందే కొండమీద.
మూడో నెలలో నోరుజారాను:
"మీ అమ్మమ్మకి ఉత్తరం రాస్తే బాగుంటుందేమో."
ఆ రాత్రే రాసింది, పదకొండు పేజీలు.
నకలు తెచ్చి రెండు చేతులా నా ముందు పెట్టి
తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దమంది.
మురిసిపోయాను. చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గే.
డైరీలో "మంచి పురోగతి" అని రాసుకున్నాను.

ఇంటికి పోతూ వాలులో జారిపడి
మంచులో కూలబడ్డప్పుడు తట్టింది.
ఆమె కొండ దిగలేదు.
కొండని నా గదికి మోసుకొచ్చి
పైన నాకో చాప పరిచింది.
నేను కూర్చున్నాను కూడా.

ఆ తర్వాత నోరు కట్టుకోవడం నేర్చుకున్నాను.
"మీ ఇష్టం" అన్నా ఆమెకి ఆజ్ఞలానే వినబడేది,
ఇష్టపడడానికి కంగారుపడి చెమటలు పట్టేవి.
అందుకని గురువారం గురువారం
ఇద్దరం మెట్లు దిగి యంత్రం దగ్గరికి.
నాణెం వేసేది. మీటలు వెలిగేవి. చెయ్యి వెనక్కి లాక్కునేది.
నాణెం బయటికొచ్చేది.
ఎన్ని గురువారాలో లెక్క రాయలేదు.

ఫిబ్రవరిలో ఒక మంచుతుఫాను రోజున
మొక్కజొన్న సూప్ నొక్కింది.
డబ్బా దడాలున పడితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం.
ఒక గుక్క తాగి, మొహం చిట్లించి,
"బాలేదు" అంది.
అనేసి చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని.
నేను విన్నాను.

అందరి కథా ఇలా కాదు.
కువబారా గారు ఆ వసంతంలోనే మళ్లీ కొండెక్కేశారు.
కొత్త సంవత్సరానికి కార్డు పంపారు,
అక్షరాలు ఆయనవే, మాటలు కావు.
దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక
పొయ్యి మీదున్న కెటిల్ కింద పెట్టాను, తీశాను, సొరుగులో వేశాను.

పోయిన వారం ఇబుకి రాలేదు.
కబురూ లేదు. రెండు కప్పుల టీ నేనే తాగాను.
ఈ వారం వచ్చి, తల వంచకుండా కూర్చుంది.
"రాబుద్ధి కాలేదు, మినెగిషి గారూ.
సముద్రం దగ్గరికి పోయాను. ఊరికే."

చెప్పకుండా మానేస్తే సగం రుసుము, అది నా నియమం.
అడిగాను.
అన్యాయం అంది. మీరు ఎన్నిసార్లు ఆలస్యంగా రాలేదు అంది.
తేదీలతో సహా చెప్పింది.
పది నిమిషాలు వాదించుకున్నాం, ఓడిపోయాను.

వెళ్తూ వెళ్తూ
తలుపు గట్టిగా లాగి మూసేసింది.
చాన్నాళ్లకి
గది కాస్త వెచ్చబడింది.