రెండో పక్క

కర్స్టీ కంప్యూటర్‌ని నావైపు తిప్పి చూపించింది:
మనిషికి పదకొండు వందల నలభై పౌండ్లు.
కింద, చీమ తలకాయంత అక్షరాల్లో
గదిలో ఇద్దరుంటేనే.

మరి ఒక్కరే అయితే?
ఆ పిల్ల గొంతు తగ్గించింది,
రోగం పేరు చెబుతున్నట్టు:
ఒక్కరే అయితే రెండు టికెట్లండీ.

ముప్పై ఒక్క ఏళ్లు గ్రీనక్ చక్కెర మిల్లులో
తూకం దగ్గర నిలబడ్డదాన్ని.
సగం బస్తాకి సగం ధరే రాశాను.
సగానికి నిండు ధర రాసిన రోజున
నన్ను గేటు బయటికి నెట్టేవాళ్లు, న్యాయంగానే.

"ఎవరినైనా వెంట తీసుకెళ్లకూడదా, మిస్ మెక్‌ఫాటర్?"
ఎవరిని?
మా చెల్లెలు ఈనాకి నీళ్లంటే భయం.
చర్చిలో నా పక్కన కూర్చునే డాలీనా గురక పెడుతుంది,
ఓబన్ బస్సు యాత్రలో విన్నాను, అది చాలు.
పెళ్లంటారా, ఇద్దరు అడిగారు,
ఇద్దరూ వానలోనే, ఇద్దరికీ గొడుగు నాదే.
ఒంటికాయ శొంఠికొమ్మునని
ఏనాడూ దిగులుపడలేదు,
ఈ రసీదు చేతికొచ్చేదాకా.

కట్టాను. కొత్త బాయిలర్‌కని దాచిన డబ్బు.
ఇరవై వేసవులు మా కిటికీలోంచి చూశాను
క్లైడ్ మీద పెళ్లి కేకుల్లా తెల్లటి ఓడల్ని.
ఒక్కసారి వాటిమీంచి మా కిటికీని చూద్దామని.

చూశాను.
గోరంత ఉంది.
వంటింటి లైటు ఆర్పడం మరిచిపోయాను.
పన్నెండు రాత్రుల కరెంటు,
అదీ ఎవరూ లేని గదికే.

గదిలో రెండు పక్కలు.
కిటికీ దగ్గరిది నాది.
గోడ దగ్గరిది
పదకొండు వందల నలభై పౌండ్లది.
రాత్రి దీపం ఆర్పాక దానివైపు తిరిగి పడుకుంటాను,
ఇంత ఖరీదైనదాన్ని ఊరికే వదలబుద్ధికాక.

భోజనాల దగ్గర నా పక్క కుర్చీని
రోజూ ఎవరో ఒకరు అడుగుతారు:
ఇది ఖాళీయేనా?
ఖాళీయే, కానీ డబ్బు కట్టింది,
అనలేక నవ్వుతాను.
కుర్చీ కాళ్లీడ్చుకుంటూ
జంటల మధ్యకి వెళ్లిపోతుంది.

రెండో దిండు మీద చాక్లెట్ ఏదని
మూడోరోజు రొడెల్‌ని నిలదీశాను.
గదులు తుడిచే కుర్రాడు, ఇలోయిలో వాళ్లది.
నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.
ఆ సాయంత్రం రెండో పక్క మీద
తువ్వాలుతో చేసిన కోతి,
దాని ఒళ్లో చాక్లెట్.

అతని గది అడుగున, నీటికంటే కిందట.
మంచం మీద మంచం.
పైవాడు రొట్టెలు కాల్చేవాడు, మూడింటికే అలారం.
తొమ్మిది నెలలుగా
తన ఊపిరి తనకి విడిగా వినిపించలేదన్నాడు.
"ఒక్కరే పడుకుంటే ఎలా ఉంటుందమ్మా?"
ఖరీదుగా ఉంటుంది, అన్నాను.

అదిగో, ఆ పక్క నాదే, రసీదు ఉంది.
ఓ అరగంట నడుం వాల్చు.
తల అడ్డంగా ఊపాడు.
రూలు. కెమెరాలు. మేనేజరు.

ఫారో దీవుల దగ్గర మంచు కమ్మేసిన మధ్యాహ్నం
గది తుడిచే వేళకి పైకెళ్లి కూర్చున్నాను,
ఒక్క కప్పు టీని గంటన్నర తాగాను.
తిరిగొస్తే దుప్పటి అద్దంలా ఉంది.
ఒక్క ముడతైనా లేదు.
కోతి మాత్రం
మొహం గోడకి పెట్టి కూర్చుంది,
చూడొద్దని ఎవరో తిప్పినట్టు.

నేను అడగలేదు.

చివరి రాత్రి తలుపు కింద నుంచి బిల్లు తోశారు.
టీలు, ఉన్ని టోపీ, దగ్గు మందు.
పనివాళ్ల బహుమానం, రోజుకి మనిషికింతని.
అక్కడ మాత్రం
నన్ను ఒక్కరిగానే లెక్కేశారు.

కళ్లజోడు పెట్టుకున్నాను. పెన్సిల్ వెతికాను.
ఒకటి కొట్టేసి
రెండు అని రాశాను,
తూకం దగ్గర రాసినట్టే, గట్టిగా నొక్కి.

ఇంటికొచ్చేసరికి
వంటింటి బల్బు మాడిపోయి ఉంది.