పదహారు తర్వాత

సెయింట్ జాన్ లైబ్రరీలో ప్రింటర్ దగ్గర నా కాపలా.
పేజీకి పది సెంట్లు, రంగుదైతే పావలా.

రోవెనా దిమకులాంగన్ చేపల ఫ్యాక్టరీ నుంచి
గమ్‌బూట్లతోనే వచ్చింది.
పోయినేడు జాబితాలో పదిహేడో వరుస వాళ్లది:
చేపలు కోసేవాళ్లు వలసకు అర్జీ పెట్టుకోవచ్చు.
ఈ ఏడు పదహారు తర్వాత పద్దెనిమిది.
ఎవరు తీశారు, ఏ రోజు, ఎందుకు?
మూడు ప్రశ్నలకి అయిదు డాలర్ల రుసుము,
ఎనిమిది నెలలు.

జవాబొచ్చింది. నలభై మూడు పేజీలు.
మొదటిదాని మీద చిన్న నల్ల మచ్చ,
దిష్టిచుక్క అనుకున్నాను.
పేజీలు పడేకొద్దీ మొహమే లేదు,
అంతా చుక్కే.

ముప్పై ఒకటో పేజీలో
ఒక్క వాక్యం బతికిపోయింది:
"కాఫీ చల్లారినందున మళ్లీ తెప్పించడమైనది."

రోవెనా పగలబడి నవ్వింది.
తర్వాత ఆ కాగితాన్ని
కిటికీ అద్దానికి ఆనించి చూసింది,
బయటి మంచు వెలుగు
నలుపులోంచి దూరి వస్తుందేమోనని.
రాలేదు.

ముప్పై ఎనిమిది దగ్గర
ప్రింటర్‌లో నల్ల సిరా అయిపోయింది.
మిగతా అయిదూ తెల్లగా జారిపడ్డాయి.
"వీటికీ డబ్బులా?"
వద్దన్నాను.

మూడు డాలర్ల ఎనభై సెంట్లు లెక్కపెట్టి
బల్ల మీద పెట్టింది.
తెల్ల కాగితం ఒకటి లాక్కుని
నా పెన్ను అడిగింది:

"అయ్యా,
రెండో కాఫీ తాగుతూ
మా గురించి ఏం మాట్లాడుకున్నారు?"

తేదీ వేసింది.
పోస్టాఫీసు ఎన్నింటిదాకా అంది.